పచ్చపిట్ట, బూడిదపిట్ట, విమలా మేడం

మా ఇంట్లో నేను అన్నం మానేసి కొన్ని నెలలైంది. నిజానికి మానలేదు, మా ఆవిడ మాన్పించింది. నా రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కనుబొమలు ఎత్తాడు. అవి ఎత్తిన ఎత్తును బట్టి మా ఆవిడ కొర్రలని తీర్మానించింది. పొద్దున కొర్రల ఉప్మా, మధ్యాహ్నం కొర్రన్నం, సాయంత్రం ఆకలి. వీటి ధర సన్నబియ్యాన్ని ఎప్పుడో దాటిపోయింది. వనపర్తి వైపు మా నాయనమ్మ గతిలేక తిన్న తిండిని ఇప్పుడు గతి ఉన్నవాళ్ళే తినగలుగుతున్నారు. ఇంతకు మించి ఈ అభివృద్ధి మీద నాకు ఫిర్యాదు లేదు.

అయితే మొన్న కొత్త పాకెట్ మూతి కత్తిరించినప్పుడు లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. ఎండిన గడ్డి, పొట్టు, కొంచెం దుమ్ము. ఆ వాసనకి నేను వంటింట్లో లేను. చిక్కడపల్లిలో ఒక ఇంటి మెట్ల మలుపులో నిలబడి, పంజరం తలుపు కొంచెం తెరిచి, సత్తుగిన్నెలో కొర్రలు పోస్తున్నాను. వెనక నుంచి విమలా మేడం గొంతు వినబడుతోంది: "శేఖర్, పక్కదాన్ని చూడకు. దీన్నొక్కదాన్నే చూడు."

మేడం ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు కూడా ఆమె పేరు బయటివాళ్ళకు తెలిసే అవకాశం తక్కువ. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. తర్వాత చిక్కడపల్లిలో ఒక హాలు కిరాయికి తీసుకుని, సర్కారు కొలువుల కోసం చదివే మాలాంటి వాళ్ళకు జనరల్ సైన్స్ చెప్పేవారు. ఆ రోజుల్లో నేను అశోక్ నగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ గదిలో ముందు మంచాలు పుట్టి, తర్వాత వాటి చుట్టూ గోడలు కట్టినట్టుండేది. పెద్ద పేరున్న కోచింగ్ సెంటర్లలో చేరే స్తోమత లేక మేడం దగ్గర చేరాను. మంచి గురువులు దొరకడానికి చాలామందికి ఇదే కారణమని నా అనుమానం.

క్లాసులో వెనక బెంచీ నాది, జోకులు కూడా నావే. మొదటి వారంలోనే మేడం వేపరెమ్మ ఒకటి, కరివేప రెమ్మ ఒకటి బల్ల మీద పెట్టి నన్ను లేపారు. రెండింటికీ తేడా చెప్పమన్నారు.

"ఒకటి పప్పులేస్తం మేడం, ఇంకోటి అమ్మవారు పోసినోళ్ళ మంచం మీదేస్తం," అన్నాను. క్లాసు నవ్వింది. మేడం కూడా నవ్వారు, కాని నన్ను కూర్చోమనలేదు.

"అది వాటితో నువ్వు చేసే పని. అవి ఏమిటో చెప్పు."

"కరివేపాకు, వేపాకు కంటే కొంచెం..."

ఆమె అరచేతితో వేపరెమ్మను కప్పేశారు. "ఈ 'కంటే' నా క్లాసులో చివరికి వస్తుంది. ముందు ఒకదాన్ని చూడు. లోకంలో అదొక్కటే ఉన్నట్టు చూడు. చూడటం అయిపోయాక దాన్ని కప్పేసి రెండోది చూడు. పక్కపక్కన పెట్టుకుని మొదలుపెట్టావనుకో, రెండోదాన్ని నువ్వసలు చూడవు. మొదటిదానిలో ఉండి దీంట్లో లేనిదేదో, దాన్నే చూస్తావ్."

ఈ మాట పరీక్షలో రాదని నాకు తెలుసు కాబట్టి రాసుకోలేదు. రాసుకున్నవన్నీ ఏమయ్యాయో తెలియదు, ఇది మాత్రం ఉండిపోయింది.

మా హాలున్న ఇల్లు అంజయ్య గారిది. నారాయణగూడలో ఆయనకు పెయింట్ల షాపు ఉండేది. మొదటి అంతస్తులో మా హాలు, దాని మీది అంతస్తులో ఆయన, భార్య, కొడుకు మహేశ్, కోడలు స్వప్న ఉండేవారు. అంజయ్య గారు రంగుల విషయంలో అబద్ధమాడని మనిషి. ఎండకు వెలిసిపోయే రంగును వెలిసిపోతుందని చెప్పే అమ్మేవారు. మిగతా విషయాల్లో మనలాంటి వాడే.

స్వప్న కాలేజీలో మేడం దగ్గర చదువుకున్న అమ్మాయి. మధ్యాహ్నాలు కిందికొచ్చి, క్లాసు అయ్యేదాకా వెనక కూర్చుని, తర్వాత మేడంతో కాసేపు మాట్లాడి వెళ్ళేది. ఒకరోజు ఎడమచేతికి పిండికట్టుతో వచ్చింది. "మెట్ల మీద జారిన మేడం," అంది, మేమెవరూ అడగకముందే. మేడం ఆ కట్టును చాలాసేపు చూశారు. "ఏ మెట్టు మీద?" అన్నారు మెల్లగా. స్వప్న కొంగును కట్టు మీదికి లాక్కుంది. ఆ వారమే రాంనగర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో చిన్న మాట పట్టింపని వీధిలో అనుకున్నారు. వీధికి ఆ చెయ్యి కనబడలేదేమో తెలియదు.

ఇది జరిగిన కొద్ది రోజులకు అంజయ్య గారు ఒక పంజరం తెచ్చి మా హాలు బయట మెట్ల మలుపులో వేలాడదీశారు. లోపల రెండు పిట్టలు, పిచ్చుక కంటే చిన్నవి. ఒకటి పసుపూ ఆకుపచ్చా కలిసి మెరుస్తోంది. రెండోది బూడిద రంగు.

"ఆఫ్రికా పిట్టలు మేడం. సింగర్ జోడీ. పచ్చది మొగోడు, బూడిదది ఆడపిల్ల. నెమలి లెక్కనే, మొగదానికే సోకంత." ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. "ఇంట్ల జోడీ పాడుతుంటే విడిపోయినోళ్ళు కలుస్తరని అమ్మినాయన చెప్పిండు. వచ్చే ఆదివారం పెద్దమనుషులను కూసొబెట్టి కోడల్ని తోల్కొస్తున్నం. అందాక జర మంచిగ చూసుకోవాలె." నా వైపు తిరిగారు. "శేఖరూ, ఊర్లకెల్లి వచ్చినోనివి గద, నీకు పిట్టలెర్కుంటయి. దానా నువ్వేస్తుండు."

మా ఊళ్ళో పిట్టలకు గిన్నెలో పెట్టి వడ్డించే ఆచారం లేదని చెబుదామనుకున్నాను. ఇంటి ఓనరుతో జోకులు కిరాయి పెరిగేదాకా పోతాయి కాబట్టి ఆయన చేతిలోని కొర్రల సంచీ అందుకున్నాను.

మొదటి రెండు రోజులూ పిట్టలు పోటీపడి పాడాయి. మూడో రోజు నుంచి బూడిదపిట్ట పాడటం మానేసింది. అంజయ్య గారికి అదీ నచ్చింది. "చూసినవా, అలవాటు పడ్డది. ఇప్పుడు సిగ్గొచ్చింది దానికి," అన్నారు.

ఆ సాయంత్రం క్లాసయ్యాక మేడం పంజరం దగ్గర నిలబడి నన్ను పిలిచారు. తన తువ్వాలును పంజరం సగానికి, బూడిదపిట్ట కనబడకుండా కప్పారు. "చెప్పు," అన్నారు.

"నుదురు పసుపు. కంటి మీద పసుపు గీత. చెంప మీద నల్లటి మీసం లాంటి గీత. వీపు ఆకుపచ్చ, పొట్ట పసుపు."

"గొంతు?"

"అది కూడా పసుపే. మచ్చ లేదు."

"ఈ జాతిలో ఆడదానికి గొంతు మీద నల్లచుక్కలు దండలాగా ఉంటాయి. దీనికి లేవు. అంజయ్య గారు సగం కరెక్టు." తువ్వాలు అటు తీసి ఇటు కప్పారు. "ఇప్పుడు పచ్చదాన్ని మర్చిపో. చెప్పు."

మర్చిపోవడానికి కొంత సమయం పట్టింది. "ఒళ్ళంతా బూడిద, కొంచెం మట్టిరంగు. వీపు మీద సన్నటి గీతలు." అంతలో అది ఒక పుల్ల మీది నుంచి ఇంకో పుల్ల మీదికి ఎగిరింది. "నడుము దగ్గర తెల్లగా మెరిసింది మేడం. తోక మొదట్లో."

"పసుపు ఎక్కడైనా ఉందా?"

"లేదు."

"పచ్చదాని పెళ్ళామైతే ఎక్కడో ఒకచోట పసుపు ఉండాలి. ఆ తెలుపు ఉండకూడదు. ఇది వెలిసిపోయిన పచ్చపిట్ట కాదు నాయనా, దీని జాతే వేరు. రెండూ దగ్గరి చుట్టాలు. సహారా ఎడారికి దిగువన ఎండు గడ్డిమైదానాల్లో రెండూ బతుకుతాయి. చుట్టరికం వేరు, కాపురం వేరు. ఈ బూడిద జాతిలో ఆడా మగా ఒకేలా ఉంటాయి. మొదటి రెండు రోజులూ అది పాడిన పాట విన్నావు కదా, అంత పాట మగదే పాడుతుంది."

"అంటే రెండూ మొగయేనా మేడం? మరి అంత మంచిగ పాడుకున్నయి గద."

"పాడుకోలేదు. నువ్వు పొమ్మంటే నువ్వు పొమ్మన్నాయి. పోవడానికి దారి లేదు. ఇప్పుడొకటి ఓడిపోయింది."

నాకు నవ్వు రావాల్సిన చోటు అది. రాలేదు. మేడం తువ్వాలు మడుస్తూ పై అంతస్తు వైపు చూస్తున్నారు.

శనివారం పొద్దున కొర్రలు వెయ్యడానికి వెళ్ళేసరికి బూడిదపిట్ట పంజరం అడుగున మూలకు ఒదిగి ఉంది. తల వెనక ఈకలు లేవు. తోలు కనబడుతోంది, దాని మీద రక్తం చుక్క కట్టి ఉంది. పచ్చపిట్ట పై పుల్ల మీద కూర్చుని గొంతెత్తి పాడుతోంది. గిన్నె దగ్గరికి బూడిదది ఒక్క గెంతు వేస్తే చాలు, పచ్చది పాట ఆపి కిందికి దూకుతోంది. నేను అశోక్ నగర్‌లో మేడం ఇంటికి వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను. ఆమె చూసి, నడుస్తూ నారాయణగూడ షాపుకు బయల్దేరారు. నేను వెనక నడిచాను.

అంజయ్య గారు ఒక కస్టమరుకు షేడ్ కార్డు చూపిస్తున్నారు. ఆయన పద్ధతి ఆ బజారంతా తెలుసు. కార్డు మీద మిగతా రంగులన్నీ అరచేతితో మూసి, ఒక్క రంగునే చూడనిచ్చేవారు. అది చూశాకే చెయ్యి జరిపి రెండోది. కస్టమరు వెళ్ళేదాకా మేడం ఆగారు.

"అంజయ్య గారూ, రెండు రంగులు పక్కపక్కన ఎందుకు చూపించరు మీరు?"

"కన్ను మోసపోతది మేడం. పక్కపక్కన పెడితే రెండోది మొదటిదానికి లేత షేడ్ లెక్క కొడ్తది. ఇంటికి పోయి గోడకేసినంక లొల్లి. అందుకే ఒక్కొక్కటి చూపిస్త."

"మీ పిట్టలను కూడా అట్లా ఒక్కొక్కటిగా చూడండి. అవి జోడీ కాదు. రెండూ మగవి, జాతులు కూడా వేరు. బూడిదదాన్ని పచ్చది పొడిచి పొడిచి చంపుతోంది. ఇవాళే విడదియ్యాలి."

ఆయన ముఖం ముడుచుకుంది. "ఆలుమగలన్నంక పొడుసుకుంటరు మేడం. మళ్ళ కలుస్తరు. మా ఇంట్ల కాలేదా? నేనూ మా ఆమె కొట్లాడుకోలేదా?"

"దాని తల మీద రక్తం ఉంది."

"రేపు పెద్దమనుషులొస్తున్నరు. ఇయ్యాల జోడీని విడగొట్టమంటున్నరు మీరు. ఇంతకంటే అపశకునం ఉంటదా?" గొంతు తగ్గించారు, అది మరింత భయపెట్టింది. "మీరంటే నాకు గౌరవం. కానీ రేపు అయిపోయేదాక ఈ ముచ్చట ఎత్తకుండ్రి. ఎత్తితే హాలు వేరేది చూసుకోవాల్సొస్తది. నాకు గోదాముకు జాగ కావాల్నని ఎప్పటి సంది అనుకుంటున్న."

మా పరీక్ష నెల రోజుల్లో ఉంది. చిక్కడపల్లిలో ఆ కిరాయికి హాలు దొరకడం కొలువు దొరకడం కన్నా కష్టం. తిరిగొస్తూ దారిలో నేను నా బుర్రనంతా ఉపయోగించాను.

"మేడం, ఒక్క అబద్ధం చెప్దాం. పిట్టకు అంటురోగం వచ్చింది, పది రోజులు వేరే పెట్టుమన్నడు డాక్టర్ అని. పిట్ట బతుకుతది, హాలు ఉంటది, సార్ కూడ ఖుషీ."

"పది రోజుల తర్వాత?"

"అప్పటికి చూద్దాం."

"అప్పటికి పిట్ట రోగం తగ్గిందని ఆయన మళ్ళీ అదే పంజరంలో వేస్తాడు. రోగమని చెప్పి విడదీస్తే, తగ్గిందని చెప్పి కలుపుతారు శేఖర్." కొంచెం దూరం నడిచాక అన్నారు, "మెట్ల మీద జారిందని చెప్పినా అంతే."

అప్పటిదాకా నేను పిట్ట గురించే మాట్లాడుతున్నాననుకున్నాను.

మధ్యాహ్నం మేడం తన కూరగాయల తీగబుట్ట తెచ్చారు. నేను పంజరం తలుపు తెరిచాను. ఆమె పిడికిట్లోకి బూడిదపిట్టను తీసుకుని బుట్టలో పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి కట్టారు. ఇద్దరం దొంగల్లా అశోక్ నగర్ దాకా నడిచాం. దొంగతనానికి తోడుగా ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉంటే ఎవరూ ఆపరని ఆ రోజు తెలుసుకున్నాను.

ఆదివారం పొద్దున మేడం ఇంటికి వెళ్ళేసరికి బుట్ట కిటికీలో ఉంది. పిట్ట రక్తం ఎండిపోయింది. గింజలు తిన్న గుర్తులున్నాయి. మేడం నోటి మీద వేలు పెట్టి నన్ను గుమ్మంలోనే ఆపారు. అది పాడుతోంది. మొదట్లో తడబడుతూ, తర్వాత సన్నగా, మధ్యలో మలుపులు తిరుగుతూ, ఆపకుండా. పచ్చపిట్ట పాట కన్నా... ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగేశాను.

"హాలు పోతది మేడం," అన్నాను చివరికి.

"పోతుంది," అన్నారామె. బుట్ట మీద తువ్వాలు కప్పి నా చేతికిచ్చారు.

క్లాసు లేని రోజు కాబట్టి పంచాయితీకి మా హాల్లోనే బెంచీలు గోడకు జరిపి జంపఖానా పరిచి ఉంది. రెండు వైపుల పెద్దమనుషులు కూర్చున్నారు. మహేశ్ తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. స్వప్న వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది, పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. అంజయ్య గారు పంజరాన్ని అప్పుడే లోపలికి తెచ్చి కిటికీ మేకుకు తగిలించారు. రాత్రి మెట్లెక్కేటప్పుడు చీకట్లో గమనించలేదేమో, లోపల ఒకటే పిట్ట ఉండటం ఆయనకు తగిలించాకే కనబడింది. సరిగ్గా అప్పుడే మేమిద్దరం తలుపులో నిలబడ్డాం.

"ఏంది మేడం ఇది?" ఆయన గొంతులో కోపం కంటే ముందు భయం వినబడింది. "పొద్దు పొద్దున జోడీని విడగొట్టిండ్రా? ఇయ్యాలనా?"

పెద్దమనుషుల్లో ఒకాయన, "శుభమా అని కూసున్నం, ఏందమ్మా ఈ పని?" అన్నాడు.

"అంజయ్య గారూ," అన్నారు మేడం, నిలబడే. "షాపులో మీరు కస్టమరుకు చూపించినట్టు నన్నొక్కసారి చూపించనివ్వండి. నచ్చకపోతే హాలు తాళం ఇప్పుడే ఇస్తాను."

అంతమంది ముందు తన షాపు పద్ధతిని కాదనడం ఆయనకు కుదరలేదు. లేచి పంజరం దగ్గరికి నడిచారు. పచ్చపిట్టను చూశారు. నుదురు, మీసం, మచ్చలేని గొంతు మేడం ఒక్కొక్కటే వేలితో చూపించారు. తర్వాత తన కొంగుతో పంజరాన్ని మూశారు. నేను బుట్టను కింద పెట్టబోతుండగానే, కొంగు వెనక నుంచి పచ్చపిట్ట పాడటం మొదలుపెట్టింది.

తువ్వాలు కింద చీకట్లోంచి బూడిదపిట్ట జవాబిచ్చింది. తగ్గలేదు. పెద్దమనుషులు బుట్ట వైపు తిరిగారు. మహేశ్ కూడా ఫోను దించాడు.

"ఇది ఆడదే అయితే, ఇంత పాట ఎక్కడి నుంచి వస్తోంది?" అన్నారు మేడం. తువ్వాలు తీశారు.

అంజయ్య గారు మోకాళ్ళ మీద కూర్చుని బుట్టలోకి చూశారు. కస్టమరు వాపసు తెచ్చిన డబ్బాలోకి చూసినట్టు చూశారు. పిట్ట తిరిగినప్పుడు నడుము మీది తెలుపు కనబడింది. ఇంకోసారి తిరిగినప్పుడు తల మీది పుండు కనబడింది. రంగుల విషయంలో అబద్ధమాడలేని మనిషి బుట్టను కిటికీ వెలుగు వైపు తిప్పి ఇంకోసారి చూశారు.

"లేత షేడ్ అనుకున్న," అన్నారు నేల వైపు చూస్తూ. "కాదు. ఇది వేరే డబ్బా."

నేను ఇప్పుడు వేలిముద్రల విభాగంలో పనిచేస్తున్నాను. ఆ హాల్లో కూర్చుని చదివిన పరీక్ష తప్పాను. ఆ తర్వాతిది తప్పలేదు. మా బల్ల మీద రెండు ముద్రలు పెడతారు. ఒకటి తలుపు మీద దొరికింది, ఇంకోటి పట్టుకొచ్చిన మనిషిది. తొందరపడే అధికారులు రెండూ పక్కపక్కన పెట్టి, ఒకటేనా కాదా చెప్పమంటారు. నేను ఒకదాని మీద అట్ట కప్పి రెండోదాన్నే చూస్తుంటాను. వాళ్ళు విసుక్కుంటారు. పట్టుకొచ్చిన వాళ్ళలో ఒకరిద్దరు ముద్ర తమది కాదని తేలి ఇళ్ళకు వెళ్ళింది, వాళ్ళు విసుక్కున్నా నేను అట్ట తియ్యనందువల్లనే. మేడం హాలు మాత్రం దక్కలేదు. మా పరీక్షయ్యాక అంజయ్య గారు అక్కడ పెయింట్ డబ్బాలు పెట్టుకున్నారు. ఆమె ఆఖరిదాకా అశోక్ నగర్ ఇంటి ముందుగదిలో, ఆ బూడిదపిట్ట పాడుతుంటే దాని కన్నా గట్టిగా పాఠం చెప్పారు. స్వప్న ఆ ఆదివారం వచ్చిన ఆటోలోనే వాళ్ళ నాన్నతో రాంనగర్ వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదని విన్నాను.

అట్ట కప్పే అలవాటు మేడం దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెబుతుంటాను. అది నిజమే. కాని ఏదైనా ముద్రను ఒంటరిగా చూస్తున్నప్పుడు నాకు వినబడేది మేడం గొంతు కాదు. అంజయ్య గారు "వేరే డబ్బా" అన్నాక, ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుంటున్నప్పుడు, ఎవరు ముందు మాట్లాడాలో పెద్దమనుషులకు తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నప్పుడు, వెనక నుంచి వచ్చిన గొంతు అది. స్వప్న లేవలేదు. గొంతు పెంచలేదు. పిండికట్టు చేతిని ఒళ్ళోంచి తీసి, అందరికీ కనబడేలా మోకాలి మీద పెట్టింది.

"నా చెయ్యి ఇరిగిననాడు మీరు పక్క గదిల కూసొని టీవీ చూస్తున్నరు, మామయ్యా."